అమ్మ నడక

కోర్టు మెట్ల మీద టైలరమ్మ కాలు తడబడింది.

పడాల్సిందే. పక్కనుంచి ఒక చెయ్యి చటుక్కున రెట్ట పట్టుకుని ఆపింది.

"మెల్లగా చెల్లీ. కోర్టు కేసులు మనకోసం ఏళ్ల తరబడి ఆగుతాయిలే," అంది ఓ ఆడగొంతు.

టైలరమ్మకు నవ్వొచ్చింది. చూపు పోయాక ఆమె నవ్వడం అదే మొదటిసారి.

ఎదుటి మనిషి ఆమెకు నీడలా తప్ప కనిపించదు. ఆ నీడనే అక్కా అని పిలవడం మొదలుపెట్టింది. ఆ తర్వాత ప్రతి వాయిదాకూ అక్క మెట్ల దగ్గర ఉండేది. చెయ్యి పట్టుకుని వరండా దాటించి బెంచీ మీద కూర్చోబెట్టేది; జనం చేరేలోపే వెళ్లిపోయేది. గోడ పక్కన నడిచేటప్పుడు అరచెయ్యి కాకుండా చెయ్యి వెనకభాగం ఆనించమనేది. నాలుక సాయంతో సూదిలో దారం ఎక్కించడం కూడా నేర్పింది. దాంతో టైలరమ్మ ఇంట్లో మళ్లీ సూది పట్టింది.

ఇవన్నీ నీకెలా తెలుసక్కా అని అడిగితే, మా ఇంట్లో ఒకరికి చూపు లేదులే అని మాట దాటేసేది. నిక్షేపంలాంటి కళ్లు, పైగా వెన్నలాంటి మనసు, పెట్టి పుట్టిన మనిషి అనుకునేది టైలరమ్మ.

తన కళ్లు అలా ఉత్తినే పోలేదు. రోజూ చుక్కల మందు వేసుకుంటే చూపు నిలుస్తుందని డాక్టరు చెప్పాడు. మందు వేసుకునేవాళ్లది సగం విశ్వాసమేనని ప్రార్థనాలయం పెద్దాయన చెప్పాడు. ఆమె మందు సీసా తీసుకెళ్లి చెత్తబుట్టలో పడేసింది. ఏడాది తిరక్కుండానే లోకం మసకబారిపోయింది.

ఇప్పుడు ఆ పెద్దాయన మీదే కేసు. నమ్మడం నేరం కాదు, నమ్మమని చెప్పడమూ నేరం కాదు అని వాదించాడు అవతలి ప్లీడరు. ఆ మహిమ అబద్ధమని ఆయనకు ముందే తెలుసని రుజువు చెయ్యాలి. చెయ్యలేకపోతే ఈ ఆఖరి వాయిదాతో కేసు కొట్టేస్తారు. రేపు ఇంకెవరో ఇంకో సీసా పారేస్తారు. టైలరమ్మకు కంటిమీద కునుకు లేకుండా చేస్తున్నది ఆ సంగతే.

"అంత తేలిగ్గా ఎలా నమ్మేశావు?" ఆఖరి వాయిదా రోజు బెంచీ మీద కూర్చుని అడిగింది అక్క.

"అమ్మను చూసి."

అమ్మంటే పెద్దాయన భార్య. పుట్టుగుడ్డి. ఆయన ప్రార్థనతో ఆమెకు చూపొచ్చిందంటారు. మౌనవ్రతం పట్టింది కాబట్టి ఆమె గొంతు ఎవరూ వినలేదు. వారం వారం ప్రార్థనాలయం హాల్లో ఆ చివరినుంచి ఈ చివరికి, కర్ర లేకుండా, తోడు లేకుండా నడిచి వస్తుంది. జనం ఏడుస్తూ చప్పట్లు కొడతారు. టైలరమ్మ కూడా ఏడ్చింది.

"ఆ చూపు అబద్ధమైతే?"

టైలరమ్మ చెయ్యి లాగేసుకుంది.

"నాకు రాలేదని ఆవిడకు వచ్చింది అబద్ధమైపోతుందా? మందు పారెయ్యమన్నది ఆయన, ఆవిడ కాదు. ఆ తల్లి మీద నోరు పారేసుకునేవాళ్ల సాయం నాకక్కర్లేదు. లేచి వెళ్లు."

అక్క లేచి వెళ్లిపోయింది.

లోపల, ఇప్పుడే ఒక సాక్షి ముందుకొచ్చారంటూ టైలరమ్మ ప్లీడరు జడ్జిని అనుమతి అడిగాడు. ఎవరో నిదానంగా నడిచి బోనెక్కిన చప్పుడైంది. వెనక కూర్చున్న ప్రార్థనాలయం జనమంతా ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. ఎందుకో టైలరమ్మకు అర్థం కాలేదు.

"పెద్దాయనకు అంతా తెలుసండి," అంది సాక్షి. "హాల్లో తివాచీ అడుగున ఈ చివరినుంచి ఆ చివరికి ఒక తాడు కుట్టించారు. అది అరికాలికి తగులుతుంది. దాని వెంటే నడవాలి. దగ్గరుండి కుట్టించింది ఆయనే."

అక్క గొంతు! ఇందాక తను వెళ్లగొట్టిన మనిషి తన కేసును నిలబెడుతోంది. ఆమెకు సిగ్గూ సంతోషమూ కలిసి ఏడుపొచ్చింది.

ఈ సాక్ష్యం మిమ్మల్ని కూడా ముద్దాయిని చెయ్యొచ్చని జడ్జి హెచ్చరించాడు. తెలుసండీ అంది సాక్షి. అవతలి ప్లీడరు అడ్డు చెప్పడం మరిచిపోయాడు.

"అంత లోపలి సంగతి మీకెలా తెలిసింది? మీరెవరు?" టైలరమ్మ ప్లీడరు అడిగాడు.

టైలరమ్మ తనకు తెలియకుండానే లేచి, ఆ గొంతు వైపు రెండు చేతులూ చాచింది.

"ఆ తాడు మీద నడిచిన అమ్మను నేనేనండి, నాకు ఇవాళ్టికీ వెలుగంటే ఏమిటో తెలియదు."