మొదటి బెంచీ

“ఈవేళ ఎంతమంది?”

“తొమ్మిది మంది, ఫాదర్. అందులో ముగ్గురు నిద్రలో ఉన్నారు” అన్నాడు చర్చి పనుల్లో సాయపడే ఉపదేశి, పీఠం మీది కొవ్వొత్తులు ఆర్పుతూ. “మా ఆవిడైతే నిద్ర పట్టనప్పుడు మీ ప్రసంగం గుర్తు చేసుకుంటుందట.”

ఫాదర్ నవ్వలేదు. అంగీ జేబులో బిషప్‌గారికి రాసిన ఉత్తరం ఉంది. ఇక నా వల్ల కాదు, నన్ను ఈ గురువు పని నుంచి విడిచిపెట్టండి అని రెండే ముక్కలు. ఆయన ఏ తప్పూ చేయలేదు. దేవుడి మీద నమ్మకమూ పోలేదు. విసుగు, అంతే. అవే ప్రార్థనలు, అదే పీఠం, తన గొంతు తనకే వినబుద్ధి కాని ప్రసంగం.

“ఫాదర్, ఒక్కమాట.”

గుమ్మంలో మొదటి బెంచీ అమ్మ నిలబడి ఉంది. పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. రోజూ పొద్దున పూజకొచ్చి, మొదటి బెంచీలో కూర్చుని, వెనక్కి జారగిలబడకుండా, రెప్ప వేయకుండా వింటుంది.

“ఈవేళ పావుగంటకే ముగించేశారేం? ఒంట్లో బాగాలేదా?”

“బాగానే ఉందమ్మా. జనం ఇబ్బంది పడుతున్నారని...”

“నా కోసం తగ్గించకండి. ఎప్పటిలా ముప్పావుగంటా చెప్పండి.”

ఆమె వెళ్లాక ఫాదర్ ఉత్తరం చింపేశాడు.

ఆ రోజు నుంచి విసుగుతో పోట్లాడటం మానేశాడు. అది వచ్చినప్పుడల్లా లేచి పారిపోకుండా, దేవుడి ముందు దానితోపాటే కూర్చోవడం మొదలుపెట్టాడు. ఏళ్లు పట్టింది. ఎండిపోయాయనుకున్న ప్రార్థనల్లో మెల్లగా తడి ఊరింది. ప్రసంగాలు మాత్రం అలాగే ఉండిపోయాయి.

మధ్యలో ఒక కుర్ర ఫాదర్ సహాయంగా వచ్చాడు. ఏడు నిమిషాల్లో నవ్వించి, ఏడిపించి దిగిపోయేవాడు. బెంచీలు నిండిపోయాయి. మొదటి బెంచీ అమ్మ మాత్రం రెండో నిమిషంలోనే లేచి వెళ్లిపోయింది.

“మీ వంతు ఎప్పుడని అడిగి మరీ వెళ్లింది, ఫాదర్” అన్నాడు ఉపదేశి. “అభిమానమంటే అదీ!”

బిషప్‌గారు కొత్త ఫాదర్లను తయారుచేసే గురువిద్యాలయంలో పాఠాలు చెప్పే పని ఇస్తానన్నా ఫాదర్ వద్దన్నాడు. తనను వినే ప్రాణం ఒకటి ఇక్కడుంది.

పదకొండేళ్లు గడిచాక ఒక మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. చేసిన పాపాలు చెప్పుకునే ఆఖరి పాపసంకీర్తనానికి మొదటి బెంచీ అమ్మ ఫాదర్‌ను రమ్మంటోంది.

ఆయన మంచం పక్కన కూర్చున్నాడు. “మీరు మొదలుపెట్టే ముందు నా మాట ఒకటి వినండమ్మా. మీరే లేకపోతే నేనెప్పుడో ఈ అంగీ విప్పేసేవాణ్ణి. మీరు వింటున్నారనే ఉండిపోయాను.”

“అయ్యో” అందామె.

తరువాత తన పాపం చెప్పడం మొదలుపెట్టింది.

“మా అత్తగారు మంచం పట్టి ఉండేది, ఫాదర్. పొద్దస్తమానం చెప్పిందే చెప్పేది. ఒకరోజు ప్రాణం విసిగి, తలుపేసి వాకిట్లో కూర్చున్నాను. పిలుస్తూనే ఉంది. రోజూ ఉండే గోలే కదా అనుకున్నాను. సాయంత్రం తలుపు తీసేసరికి పోయింది.”

“ఇన్నేళ్లూ ఒక్కసారైనా చెప్పలేదేం?”

“చెబితే మీరు నాలుగు జపాలు చేయమని క్షమించేస్తారు. అది చాలదనిపించింది. ఊళ్లో చర్చిలన్నీ తిరిగి చూసి, నా శిక్ష నేనే వేసుకున్నాను. ఒక్కరోజు కూడా తప్పించుకోలేదు.”

ఫాదర్ ఆమె చేయి పట్టుకున్నాడు. “ఏం శిక్షమ్మా?”

ఆమె మొహమాటంగా ముఖం గోడవైపు తిప్పుకుంది.

“రోజూ మీ ప్రసంగం వినడమే, ఫాదర్.”