నా పేరుతో ఎవరో

కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ, ఆఫీసు రౌటర్‌లో నేను పెట్టిన సెట్టింగులన్నీ మాయమవుతున్నాయి. ఇంకోసారి ఇలా జరిగితే ఉద్యోగం ఉండదని మేనేజర్ తేల్చి చెప్పేశాడు. నేను చేరిన రోజు నా పాస్‌వర్డ్ పెట్టిచ్చింది సీనియర్. నా అనుమానం ఆయన మీదే.

అందుకే ఆయన ఎదురుగానే, మేమంతా రౌటర్‌లోకి వెళ్లే కన్సోల్ సర్వర్ తెరిచి, రౌటర్ తగిలించిన పోర్టుకి లాగింగ్ ఆన్ చేశాను.

“ఇక ఎవరేం టైప్ చేసినా ఇందులో పడుతుంది సార్.”

“నేను చేసినా?”

“ఎవరైనా సరే.”

“అబ్బో, పోలీసు డ్యూటీ కూడా మొదలెట్టావన్నమాట!” అని నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

మర్నాడు రాగానే లాగ్ తెరిచాను. నేను ఇంటికి వెళ్లాక నా పేరుతో ఎవరో రౌటర్‌లోకి వచ్చారు. మేనేజర్‌ని పిలవడానికి లేవబోతూ కింది వరుస చదివాను.

అక్కడున్నది ఒక్కటే కమాండ్: సేవ్.

కుర్చీలో కూలబడ్డాను. ఇన్నాళ్లూ సెట్టింగులు మార్చానే గాని, ఒక్కసారి కూడా సేవ్ చెయ్యలేదు. సేవ్ చెయ్యనివి కరెంటు పోగానే చెరిగిపోతాయి.

“దొంగ దొరికాడా అమ్మాయ్?” వెనక నుంచి సీనియర్ గొంతు.

నేను గబుక్కున లాగ్ మూసెయ్యబోయాను.

“ఆ లాగ్ మేనేజర్‌కి పంపించెయ్. బాగుచేసిన మనిషి పేరు అందులో ఉందిగా.”