కెప్టెన్ గారికి బొండం

పొద్దున్న ఎనిమిదింటి నుంచీ అచ్చాయమ్మ బొండాలు కొట్టే కత్తిని నూరుతూనే ఉంది.

పక్కింటి వెంకటదుర్గ గోడ మీదుగా తొంగి చూసింది.

“పిన్నీ, కెప్టెన్ గారి ప్రచారం మన వీధిలోకి వచ్చేసిందంట. నీ గుమ్మంలోకి రాకుండా వెళ్ళరంట. నువ్వొక్క హారతి ఇస్తే చాలు, లంక ఓట్లన్నీ గంపగుత్తగా పడిపోతాయంటున్నారు.”

“రానీ,” అంది అచ్చాయమ్మ, తలెత్తకుండా.

మిలిటరీ మొహం ఎరగని కెప్టెన్ అతను. పేరు అమ్మిరాజు. ఇసుక పడవలు లంక చుట్టూ గోదావరిని తోడేస్తుంటే, గట్లు కోసుకుపోయి కాపుమీదున్న కొబ్బరిచెట్లు వేళ్ళతో సహా ఏట్లో పడుతుంటే, నలభై మందిని పోగేసి లంక రక్షణ దళం పెట్టాడు. ఖాకీ చొక్కా, మెడలో విజిలు, చేతిలో వెదురుగడ. పెళ్ళీ పెటాకులూ వద్దు, లంకే నా ఇల్లు అన్నాడు. అబద్ధం ఎందుకు, మొదట్లో లంకని కాపాడిన మాట నిజమే.

ఆ దళానికి ఓ మిట్టమధ్యాహ్నం శ్యాంబాబు పడవ చిక్కింది. శ్యాంబాబు అచ్చాయమ్మ కొడుకు. పొట్టకూటికి ఇసుక కంట్రాక్టరు దగ్గర పడవ నడిపేవాడు. మిగతావాళ్ళు ఏట్లోకి దూకి ఈదుకుపోయారు. శ్యాంబాబు మాత్రం చేతులు రెండూ పైకెత్తి నిలబడ్డాడు. కెప్టెన్ గడ తిప్పి నెత్తిన కొట్టాడు. పుర్రె పగిలిన చప్పుడు గట్టు మీదున్న అచ్చాయమ్మకి వినపడింది. నీళ్ళలో పడ్డవాణ్ణి జుట్టు పట్టి పైకి లాగి మళ్ళీ కొట్టాడు. మూడో దెబ్బకి చెవుల్లోంచి నెత్తురు కారి చుట్టూ నీళ్ళు ఎర్రబడ్డాయి.

కోర్టులో ఒక్కరూ నోరు విప్పలేదు. అచ్చాయమ్మ కూడా “నేను చూళ్ళేదండి” అంది. ఆ మాట అన్నందుకు నాలుక కోసుకుందామనుకోని రోజు ఆవిడకి లేదు.

ఆ దెబ్బతో కెప్టెన్ దశ తిరిగింది. సర్పంచ్ అయ్యాడు, మండలాధ్యక్షుడయ్యాడు, ఇప్పుడు ఎమ్మెల్యేకి నిలబడ్డాడు. ఎక్కడ చూసినా ఫ్లెక్సీలు, వాటి నిండా ఒకటే మాట: ‘తన పర భేదం లేని నాయకుడు’.

అదీ దిగమింగుకునేదేమో. కానీ నిరుడు ఏటిగట్టున కొత్త ఇసుక ర్యాంపు తెరిచారు. లారీల మీద లారీలు. ర్యాంపు ఎవరిదని అడిగితే కెప్టెన్ గారిదేనన్నారు. మరి నా శ్యాంబాబు దేనికి చచ్చినట్టు? ఆ లెక్క ఆవిడ ఇంక కోర్టుకి వదలదల్చుకోలేదు.

డప్పులు దగ్గరయ్యాయి. అమ్మిరాజు జనంతో వాకిట్లోకి వచ్చాడు. శ్యాంబాబు పోయిన ఈ పదకొండేళ్ళలో ఆ వాకిలి తొక్కడం అదే. చెమటకి లాల్చీ ఒంటికి అతుక్కుపోయింది. సెల్‌ఫోన్లు పైకి లేచాయి.

“కోపం ఇంకా తగ్గలేదా అమ్మా?”

“ఎండన పడొచ్చావు. బొండం తాగు.”

ఆవిడ చేతిలో కత్తి చూసి ఎవరూ ఉలిక్కిపడలేదు. లంకలో ఇంటికొచ్చిన మనిషికి బొండం కొట్టివ్వకపోతేనే వింత. నాలుగు వేట్లలో మూతి ఊడగొట్టి అందించింది. అనుచరుడొకడు స్ట్రా పట్టుకొచ్చాడు. కెప్టెన్ దాన్ని తోసేశాడు.

“లంకలో పుట్టినోడికి స్ట్రా ఏంటయ్యా? ఎత్తి తాగుతాను, వీడియో సరిగ్గా తియ్యి.”

రెండు చేతులా బొండం ఎత్తాడు. తల వెనక్కి వాల్చాడు. నీళ్ళు గటగటా దిగుతున్నాయి. గొంతు పైకీ కిందకీ ఆడుతోంది.

అచ్చాయమ్మ కత్తి ఎత్తింది. మొదటి వేటుకి కొబ్బరినీళ్ళూ నెత్తురూ కలిసి ఆవిడ మొహాన చిమ్మాయి. రెండో వేటుకి మోకాళ్ళ మీద కూలాడు. అనుచరులు తేరుకునేలోపు మూడోది కూడా పడిపోయింది. అప్పుడు కత్తి కింద పెట్టి, అతని పక్కనే చతికిలబడి, గుండెలు బాదుకుంటూ ఏడ్చింది. అంతమంది దళంలో ఒక్కడూ ఆవిడ మీద చెయ్యి వెయ్యలేదు.

గంటలో పోలీసులొచ్చారు. ఎస్సై ఎలక్షన్ డ్యూటీకి మొన్ననే బదిలీ మీద వచ్చినాయన, లంకలో ఎవరినీ ఎరగడు. పంచనామా రాసుకుంటూ జనం వైపు తిరిగాడు.

“పోస్టుమార్టం అయ్యాక బాడీ ఎవరికి అప్పగించాలి? ఈయన తరపు వాళ్ళెవరండి?”

అచ్చాయమ్మ మహిళా కానిస్టేబుల్ చెయ్యి మెల్లిగా విడిపించుకుని లేచి నిలబడింది.

“నాకే ఇవ్వండి బాబూ, వీడు నా పెద్దకొడుకు.”