వెదురుకి వైద్యం

దొంగల్లో అతన్ని అందరూ 'చేతుల్లేనోడు' అంటారు. నిజానికి చేతులు రెండూ నిక్షేపంగా ఉన్నాయి. ఇన్నేళ్ళలో ఏ ఇంట్లోనూ ఒక్క వేలిముద్ర వదల్లేదు కనుక ఆ పేరు. ఎంత ఉక్కపోసినా సరే, రబ్బరు గ్లవ్స్ తొడుక్కోనిదే గడియ ముట్టుకునేవాడు కాదు.

అతని పెళ్ళానికి మాత్రం ఈ ఘనత చూసి మురిపెమేమీ లేదు. "దొరికిన రోజున నేను మా పుట్టింట్లో ఉంటా, ఆ తర్వాత నీ ఇష్టం" అని తేల్చి చెప్పేసింది. అందుకే ఇంకొక్క ఇల్లు చూసుకుని ఈ పనికి స్వస్తి చెప్పి, నిజంగానే ఒక నర్సరీ పెట్టుకుందామని నిర్ణయించుకున్నాడు.

ప్రస్తుతానికి నర్సరీ వాడి వేషమే. 'జబ్బు చేసిన మొక్కలకు ఇంటికొచ్చి వైద్యం' అని కాగితాలు అచ్చు వేయించి, కాస్త కలిగినవాళ్ళ గేట్లకి తగిలించి వస్తాడు. మొక్కని చూసే వంకన ఇల్లంతా చూడొచ్చు.

ఈసారి ఫోన్ చేసింది ఒక పెద్దావిడ. చుట్టూ ఎత్తయిన గోడలున్న పెద్ద ఇల్లు. ఇంట్లో ఆవిడ ఒక్కతే. హాల్లో కిటికీ పక్కన బల్ల మీద, గాజు కూజాలో గులకరాళ్ళ మధ్య ఒక వెదురు మొక్క నీరసంగా నిలబడి ఉంది. ఆకులు పసుపు తిరిగాయి, ఒక కాడ మెత్తబడింది, నీళ్ళు వాసనేస్తున్నాయి.

"బతుకుతుందంటావా బాబూ?" అంది ఆవిడ దిగులుగా.

"నా చేతుల్లో పెట్టారుగా పెద్దమ్మగారూ, ఇక బెంగ పెట్టుకోకండి" అంటూ గ్లవ్స్ తొడుక్కోబోయాడు.

"అయ్యో రామ! పసిబిడ్డకి స్నానం చేయిస్తూ ఎవరైనా రబ్బరు తొడుగులు వేసుకుంటారా? వేరు ఎక్కడ కుళ్ళిందో వేలికి తెలియొద్దూ? ఇలా ఇయ్యి, నాకు అంట్లు తోముకోవడానికి పనికొస్తాయి. సబ్బు పడక చేతులు తోలూడిపోతున్నాయి."

కాదంటే అనుమానం వస్తుంది. ఇచ్చేశాడు. అసలు పని రోజున ఎలాగూ కొత్తవి తొడుక్కుంటాడు. ఈలోగా డాక్టరు వేలిముద్రలు రోగి ఇంట్లో ఉంటే తప్పేముంది?

కుళ్ళిన కాడ తీసేశాడు. నల్లబడిన వేళ్ళు కత్తిరించి, గులకరాళ్ళు వేడినీళ్ళతో కడిగాడు. కుళాయి నీళ్ళు అలాగే పోయకుండా, ముందురోజే పట్టి మూత పెట్టకుండా ఉంచమన్నాడు. ఎండ నేరుగా తగులుతోందని కూజాని కిటికీ దగ్గర్నుంచి లోపలికి జరిపాడు.

తర్వాత నుంచి వచ్చిపోతూనే ఉన్నాడు. మోకాళ్ళ నొప్పులని ఆవిడ గుమ్మం దాటేది కాదు. వచ్చినప్పుడల్లా ఏదో ఒక చిన్న పని చెప్పేది.

"బాబ్బాబు, ఆ బీరువా కాస్త పక్కకి జరుపుదూ."

"బీరువా లోపల లాకరు తలుపు పట్టేసినట్టుంది నాయనా, రెండు చుక్కలు నూనె వేసి చూస్తావా?"

ఎగిరి గంతేసినంత పని చేశాడు. లాకరు ఎక్కడుందో వెతికే శ్రమ కూడా లేకుండా ఇంటావిడే చూపిస్తోంది! పిడికి నూనె రాసి, అటూ ఇటూ తిప్పి, సొంత ఇంట్లో పనిలా శ్రద్ధగా చేసిపెట్టాడు. అతని గ్లవ్స్ తొడుక్కుని పక్కనే నిలబడి ఆవిడ తెగ మెచ్చుకుంది.

ఒకరోజు వెదురు కణుపు దగ్గర ఆకుపచ్చటి మొలక కనిపించింది. అతనికి నిజంగానే సంతోషమేసింది. నర్సరీ పెడితే నెగ్గుకొస్తాననే ధైర్యం కూడా వచ్చింది.

"శుక్రవారం ఆస్పత్రికి వెళ్తున్నా బాబూ. తాళం చెవి గుమ్మం ముందు పట్టా కింద పెడతా. వచ్చి దీనికి నీళ్ళు మార్చి వెళ్ళు" అంది ఆవిడ ఆ రోజే.

శుక్రవారం మధ్యాహ్నం కొత్త గ్లవ్స్ తొడుక్కుని మరీ తలుపు తీశాడు. బీరువా బార్లా తెరిచి ఉంది. లాకరులో చిల్లిగవ్వ లేదు. తెల్లమొహం వేసుకుని నిలబడి ఉండగా, పెట్టె లాక్కుంటూ ఎవరో కొత్త ఆవిడ లోపలికొచ్చి, అతన్ని చూసి వీధి అదిరేలా కేక పెట్టింది.

ఎదురింటావిడ పరుగున వచ్చింది. "ఇతనే! ఎన్నిసార్లు చూశానో ఈ గేట్లోకి వెళ్ళడం. ఇంకో పురుగు కూడా కనబడలేదు."

పోలీసులు వచ్చారు. పౌడరు చల్లి చూసిన మనిషి లేచి నిలబడి, "బీరువా, లాకరు, నూనె సీసా, అన్నిటి మీదా ఒకే మనిషి ముద్రలు సార్" అన్నాడు. అతని వేళ్ళతో పోల్చి చూసి తలూపాడు. చేతుల్లేనోడికి చేతులు మొలిచాయి.

"నేను మొక్కల డాక్టర్ని సార్! ఈ ఇంటి పెద్దమ్మగారు పిలిస్తేనే వచ్చాను" అన్నాడు ఏడుపుగొంతుతో.

"మొక్కకి నీళ్ళు మార్చడానికి గ్లవ్స్ ఎందుకురా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఏ పెద్దమ్మ?" అంది పెట్టెతో వచ్చినావిడ. "ఈ ఇల్లు నాది. ఊళ్ళో లేక ఇన్నాళ్ళూ తాళం వేసి ఉంది."

అతని కళ్ళ ముందు పెళ్ళాం బట్టలు సర్దుకుంటోంది. ఆఖరి ఆశతో బల్ల వైపు చెయ్యి చూపించాడు. గాజు కూజాలో వెదురు మొక్క నవనవలాడుతోంది.

"పోనీ మీరే చెప్పండమ్మా! మీరు వెళ్ళేటప్పుడు ఎలా ఉంది, ఇప్పుడెలా ఉంది? మీ వెదురుకి ప్రాణం పోసింది నేనే!"

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, దగ్గరికెళ్ళి, చుట్టూ తిరిగి మరీ చూసింది.

"ఇది మాది కాదండీ. అసలు నేను ఇంట్లో మొక్కలే పెంచను."