కెప్టెన్ పంపిన చేతితొడుగులు

కెప్టెన్ ఎలిఫలెట్ పోయిన మర్నాటికల్లా ఊళ్ళో ఇంటింటికీ తోలు చేతితొడుగులు వెళ్ళాయి. ఖననానికి రమ్మనే పిలుపు మా ఊళ్ళో అదే. మా గుమ్మం మాత్రం ఎవరూ తొక్కలేదు.

"చచ్చినవాడి మీద కూడా కుళ్ళేనా?" అంది మా ఆవిడ, నా సణుగుడు విని.

కుళ్ళే మరి! ఫ్రెంచివాళ్ళతో యుద్ధంలో, లూయిబర్గ్ కోట ముందు బురదలో మా మసాచుసెట్స్ దళం ఫిరంగిని ఇద్దరం కలిసే లాగాం. నా కుడిచేతి రెండు వేళ్ళు దాని కింద నలిగిపోయాయి. గవర్నరు ఇచ్చిన కత్తీ, కెప్టెన్ హోదా మాత్రం అతనికి దక్కాయి. పదిహేనేళ్ళుగా ఊరంతా అతన్ని చూసి టోపీ తీసింది.

పిలవకపోయినా వెళ్ళాను. వాకిట్లోనే అతని భార్య ఎదురొచ్చింది.

"మీవి ఇప్పుడే కుట్టి తెచ్చారు జోథం గారూ, ఏమీ అనుకోకండి" అంటూ తొడుగుల జత చేతిలో పెట్టింది.

"అందరికీ పంచగా మిగిలినవా?"

"తొడుక్కుని చూడండి."

కుడి తొడుగులో రెండు వేళ్ళు మొదట్లోనే మూసి కుట్టారు. నా చేతికి అతికినట్టు సరిపోయింది.

"ఏ వేళ్ళో మంచంలోంచి ఆయనే చెప్పారు. మీరంటే ఎంత కుళ్ళుకునేవారో! 'కత్తి గవర్నరు ఎవరికైనా ఇస్తాడు. జోథం ఆ చెయ్యి చూపిస్తే చాలు, యుద్ధంలో ఏం చేశావని ఇంకెవరూ అడగరు' అనేవారు."

ఆ చెయ్యి అతని కంట పడకూడదని పదిహేనేళ్ళూ నేను కోటు జేబులోంచి తియ్యలేదు.

ఇప్పుడు అందరూ చూస్తుండగా ఆ చేత్తోనే శవపేటికను తలవైపు పట్టుకున్నాను.