ఆ రాత్రి బొమ్మ

“బొమ్మ లేదు పిన్నీ. మొన్న రాత్రి ఎనిమిదింటికే కెమెరా ఆరిపోనాది,” అన్నాడు దాన్ని బిగించిన గోపి.

మొన్న రాత్రి రైల్వే రాగితీగ పోయిందని పోలీసులు అప్పలకొండ కొడుకు ప్రేమ్‌కుమార్‌ని పట్టుకున్నారు. వాడు నిమ్‌పురా బస్తీలో ఈ టిఫిను బడ్డీలోనే పడుకున్నాడనడానికి ఆ కెమెరా ఒక్కటే సాక్ష్యం. అది చూడ్డానికే వాణ్ణి జీపులో ఇక్కడికి తెచ్చారు.

“కరెంటు లేని చోట మా ప్రేమూ ఒక్కడూ పడుకుంటాడు, నాకు బయ్యమని సోలార్ కెమెరా పెట్టించినాను గదా గోపీ! ఎందుకారిపోనాది?”

“బ్యాటరీ నిండలేదు. పైనున్న సోలార్ ప్లేటు చూడాల.”

“నాను చూస్తాను,” అని ప్రేమ్‌కుమారే రేకుల మీదికెక్కాడు. కింద పోలీసు “జల్దీ, జల్దీ” అంటున్నాడు. పైన ఏదో బరబరా తుడుస్తున్న చప్పుడైంది.

వాడు దిగొచ్చి, “మబ్బులమ్మా. ఎండ లేక ఛార్జింగవలేదు,” అన్నాడు.

“మబ్బులేటిరా? విశ్వకర్మ పూజ కాణ్ణించి మాడిపోయే ఎండ గదా!”

అప్పలకొండ చూపు వాడి అరచేతుల మీద పడింది. రెండూ పసుపే.

రైల్వే వర్క్‌షాపులో మిషన్లకి చేసినట్టే, పూజనాడు ఆవిడ స్టూలెక్కి, నా బిడ్డని కాయి తండ్రీ అంటూ ఆ ప్లేటు నిండా మందంగా పసుపు మెత్తింది.

“ఒరే ప్రేమూ...”

వాడు చేతులు వెనక్కి దాచుకున్నాడు.

“నువ్వేటీ సెయ్యలేదమ్మా. ఇంటికెళ్ళి అన్నం తిను,” అని జీపెక్కాడు.