అందరి దగ్గు

“ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్ పాతుకుపోయింది తాతా. ఏడాదిన్నర మందులు మింగితే దగ్గు పోవచ్చు, చూపు మందగించనూ వచ్చు. లేదంటే మందులు మొదలెట్టకుండా కొన్నాళ్లు చూద్దాం,” అంది డాక్టరమ్మ.

“అమ్మో, దగ్గు పోగొట్టకండి! అది విని దొంగలు మా గేటు తొక్కడం లేదు,” అన్నాడు వెంట వచ్చిన అపార్ట్‌మెంట్ ప్రెసిడెంటు.

“అదే నా లాఠీ అమ్మా,” అన్నాడు ముసలి వాచ్‌మన్ గర్వంగా.

“ఊపిరితిత్తులు ఆయనవి కదండీ!”

“దగ్గు మాత్రం అందరిదీ. మీటింగులో తీర్మానించాం. రేపు ఈయనకేమన్నా అయితే గేటు దగ్గర స్పీకర్లో పెట్టడానికి రికార్డు కూడా చేశాం.” ప్రెసిడెంటు ఫోను నొక్కాడు.

గది నిండా దగ్గు. మధ్యలో ఊపిరందక ఈల. మళ్లీ దగ్గు.

వాచ్‌మన్ ఆ ఫోను చేతిలోకి తీసుకుని చివరిదాకా విన్నాడు.

“పాపం, పెద్దాయన బాగా అవస్థ పడుతున్నాడమ్మా. మందులు రాసెయ్యండి.”